ఎలక్షన్లొస్తే పెదనాన్న కొట్టు నిండా తుపాకులే

ఆ రోజుల్లో ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిందంటే లైసెన్సు తుపాకులున్నవాళ్లు వాటిని పోలీస్ స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చెయ్యాల్సి వచ్చేది. మా పెదనాన్నకి రాజమండ్రిలో తుపాకుల కొట్టు ఉండేది. 1983 జనవరిలో అసెంబ్లీ, 1984 డిసెంబరులో లోక్‌సభ, 1985 మార్చిలో మళ్లీ అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి. ఆ రెండేళ్ల పైచిలుకు కాలంలో మా చుట్టుపక్కల అటకల మీదా, బీరువాల వెనకా ఉన్న పాత తుపాకులన్నీ మా కొట్టు మెట్లెక్కాయి. నేను అప్పుడు హైస్కూల్లో ఉన్నాను. నా దస్తూరీ బాగుంటుందని చీటీలు రాసే పని నాకప్పగించారు.

కొన్ని గోనెపట్టాలో చుట్టుకుని ఎర్రబస్సులో వచ్చేవి. కొన్ని తోలుపెట్టెల్లో, లోపల ఎర్ర మఖ్మల్ గుడ్డతో, శుభ్రపరిచే చువ్వతో సహా దిగేవి. ఎవరు తెచ్చినా పెదనాన్న ముందు చేసే పని ఒక్కటే. తుపాకిని వీధి వైపు కాకుండా గోడవైపు తిప్పి, మీట నొక్కి, రెండుగా వంచి, రెండు గొట్టాల్లోనూ తూటా లేదని చూసుకునేవారు. "ఖాళీయే అండి బాబూ" అని తెచ్చినాయన చెబుతున్నా సరే, చూడకుండా బల్లమీద పెట్టనిచ్చేవారు కాదు. ఆ తర్వాతే నన్ను దగ్గరికి రానిచ్చేవారు.

చీటీ మీద లైసెన్సు నంబరు, తుపాకి నంబరు, బోరు (గొట్టం లోపలి కొలత), మేకరు పేరు రాయాలి. నంబరు, బోరు సరే. మేకరు దగ్గరే అసలు కథ. రెండు గొట్టాల మధ్య పైన పొడుగునా ఒక పట్టీ ఉంటుంది, రిబ్ అంటారు. దానిమీద చక్కటి చెక్కుడు అక్షరాల్లో పేర్లుండేవి. మాంటన్ అండ్ కో, కలకత్తా. ఆర్.బి. రోడ్డా అండ్ కో, కలకత్తా. లయన్ అండ్ లయన్, కలకత్తా. పి. ఆర్ అండ్ సన్స్, మద్రాస్. ఓక్స్ అండ్ కో, మద్రాస్. ఆర్మీ అండ్ నేవీ కో-ఆపరేటివ్ సొసైటీ. చదివినవాళ్లెవరైనా ఇవి తుపాకులు తయారుచేసిన కంపెనీలనే అనుకుంటారు. లైసెన్సు పుస్తకాల్లో గుమాస్తాలు కూడా అలాగే రాసేశారు.

"అది అమ్మిన కొట్టు పేరురా అబ్బాయ్. పుట్టిన ఊరు కింద రాసుంటుంది" అని పెదనాన్న ముందరి చెక్క ఊడదీసి, గొట్టాలు విడగొట్టి, బోర్లా తిప్పి నా చేతికిచ్చేవారు. గొట్టాల వెనక చివర, అడుగున చదునుగా ఉండే చోటుని ఆయన పలక అనేవారు. మామూలుగా తుపాకి బిగించి ఉంటే అది కనపడదు. అందుకే అక్కడి ముద్రలు తొంభై ఏళ్లయినా చెక్కుచెదరకుండా ఉంటాయి.

పెదనాన్న కుర్రతనంలో మద్రాసు మౌంట్ రోడ్డులో ఒక తుపాకుల షాపులో పని నేర్చుకున్నారు. పి. ఆర్ అండ్ సన్స్ అంటే గడియారాలకీ, వెండి సామానుకీ పెట్టింది పేరు. దొరలకీ జమీందార్లకీ గడియారాలమ్మిన చోటే తుపాకులూ అమ్మేవారు. అసలు సంగతేమిటంటే ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ ఊళ్లో తుపాకుల పేట అని ఒక పేటే ఉండేది. గొట్టం చేసేవాడొకడు, లాకులు (తూటాని పేల్చే యంత్రం) చేసేవాడొకడు, చెక్క దిద్దేవాడొకడు, పూలూ లతలూ చెక్కేవాడొకడు. అలా పది చేతులు మారి తుపాకి తయారయ్యేది. లండన్ కొట్టయినా, కలకత్తా కొట్టయినా, మద్రాసు కొట్టయినా అక్కడికి ఆర్డరు పంపితే వాళ్ల పేరే చెక్కి పంపించేవారు. వెబ్లీ అండ్ స్కాట్ అయితే ఇలా ఎన్ని కొట్ల పేర్లతో తుపాకులు చేసిందో లెక్కలేదు. అది 1897లో మూడు పాత కంపెనీలు కలిసి ఏర్పడిన సంస్థ. ఆర్మీ అండ్ నేవీ పేరున్న తుపాకుల్లో చాలావాటిని చేసింది వాళ్లే.

పలక మీద ముద్రలు చదవడం నాకు అక్షరాభ్యాసం చేసినట్టే నేర్పారు. ఇంగ్లండులో ఏ తుపాకి అమ్మాలన్నా ముందు సర్కారు చట్టం ప్రకారం పరీక్షాగృహంలో మామూలుకంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి చూడాలి. గొట్టం నిలిస్తే ముద్ర వేస్తారు. లండన్‌లో ఒక పరీక్షాగృహం, బర్మింగ్‌హామ్‌లో ఇంకోటి. బర్మింగ్‌హామ్‌ది 1813లో చట్టం చేసి పెట్టింది. కిరీటం కింద జీపీ అనే అక్షరాలు అల్లుకుని ఉంటే లండన్. కిరీటం కింద బీపీ, బీవీ, ఎన్‌పీ అని విడివిడిగా ఉంటే బర్మింగ్‌హామ్, అదీ 1904 తర్వాతది. కిరీటం కింద రెండు రాజదండాలు అడ్డంగా ఉండి, చుట్టూ బీ, పీ, సీ అక్షరాలుంటే అంతకంటే పాతది. ఒక డైమండ్ గడిలో పన్నెండు అంకె, కింద సీ ఉంటే 1887 తర్వాతది. "నాట్ ఫర్ బాల్" అని ఉంటే 1875కీ 1887కీ మధ్యది. అంటే మూతి దగ్గర గొట్టం సన్నమవుతుంది, ఇందులో ఒంటి గుండు పెట్టి కాల్చవద్దని హెచ్చరిక. ఇవన్నీ ఆయన ఏ పుస్తకం చూడకుండానే చెప్పేవారు.

రోడ్డా పేరు వచ్చినప్పుడల్లా ఆయన చేతిలో పని ఆపేసేవారు. 1914 ఆగస్టు 26న కలకత్తాలో రోడ్డా కంపెనీకి ఓడలో వచ్చిన సరుకు కస్టమ్స్ నుంచి ఎద్దుబండ్ల మీద గోదాముకి వెళ్తుంటే, కంపెనీలోనే పనిచేస్తున్న శ్రీశ్ మిత్ర అనే యువకుడూ, బెంగాల్ విప్లవకారులూ కలిసి ఒక బండిని దారి మళ్లించారు. 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు మాయమైపోయాయి. ఆ తర్వాత బెంగాల్లో జరిగిన ఎన్నో దాడుల్లో ఆ మౌజర్లే పేలాయి. రోడ్డా పేరు చెక్కిన పక్షుల వేట తుపాకిని చేతిలో పట్టుకుని ఆ కథ చెబుతుంటే ఆయన గొంతు మారిపోయేది. 1878 ఆయుధ చట్టం కింద తెల్లవాళ్లకి లైసెన్సు అక్కర్లేదు, మనవాళ్లకి మాత్రం కావాలి అన్న మాట కూడా ఆ రోజుల్లోనే ఆయన నోట విన్నాను. ఆయనకి అది చాలా బాధగా ఉండేది.

మాంటన్ పేరు మీద జరిగినంత మోసం ఇంకే పేరు మీదా జరగలేదేమో. లండన్‌లో జోసెఫ్ మాంటన్ అని పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో మహా పనిమంతుడు. ఆ పేరుతో 1825లో కలకత్తాలో కొట్టు పెట్టారు. అది నిజమైన మాంటన్ కొట్టే. కానీ ఆ పేరుకున్న గిరాకీ చూసి బెల్జియంలో లీజ్ నగరంలోని వర్క్‌షాపులు చవక తుపాకుల మీద మాంటన్ అనీ, ఇంకా పేరున్న ఇంగ్లీషు వాళ్ల పేర్లు ఒక అక్షరం అటూ ఇటూ మార్చీ చెక్కి ప్రపంచమంతా పంపించాయి.

కోనసీమ నుంచి ఒక పెద్దాయన వచ్చారు. తాతల నాటిది, మాంటన్, అమ్మితే ఎంతొస్తుందో చెప్పమన్నారు. పిల్ల పెళ్లి కుదిరింది. హ్యామర్లు (తూటాని పేల్చే సుత్తులు) బయటికి ఉన్న తుపాకి, గొట్టాల మీద దమస్కస్ గీతలు, చూడ్డానికి దర్జాగా ఉంది. పెదనాన్న పలక తిప్పారు. కోడిగుడ్డు ఆకారంలో గడి, అందులో ఈఎల్‌జీ అక్షరాలు, కింద నక్షత్రం. అంటే లీజ్ పరీక్షాగృహం ముద్ర. ఆయన ఆ పెద్దాయన చేతికి భూతద్దం ఇచ్చి, తన వేలితోనే ముద్ర చూపించి, "ఇది బెల్జియం సరుకండి బాబుగారూ. పని చెడ్డది కాదు. కానీ పేరు దీనిది కాదు" అన్నారు. ఆ పెద్దాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. పెదనాన్న కాఫీ తెప్పించారు. తర్వాత మూతి దగ్గర సన్నటి ఆకురాయితో ఒక్క గీత గీకి చూపించారు. దమస్కస్ గీతలు రంగుపూతతో పాటే పోయి కింద మామూలు ఇనుము కనిపించింది. ఆ రోజుల్లో చవక గొట్టాల మీద దమస్కస్ డిజైను అచ్చు వేసి పంపేవారు.

అసలు దమస్కస్ అంటే ఇనుప రేకుల్నీ ఉక్కు రేకుల్నీ కలిపి కొలిమిలో కాల్చి, మెలిపెట్టి, ఒక కడ్డీ చుట్టూ చుట్టి, సమ్మెటతో అతికిస్తారు. యాసిడ్ పూసి తుడిస్తే రెండు లోహాలూ రెండు రంగులు తేలి అలల్లాంటి చారలు పడతాయి. అంత అందమైన పని నేనింకెక్కడా చూడలేదు. అయితే అవి నల్లటి పాత తుపాకిమందు వాడిన రోజుల గొట్టాలు. ఇప్పటి తూటాల ఒత్తిడికి చేసినవి కావు. లోపల అతుకుల్లో తుప్పు ఎక్కడ దాగుందో పైకి తెలియదు. దమస్కస్ గొట్టం వచ్చిందంటే పెదనాన్న చీటీ మీద ఎర్రసిరాతో "కాల్చరాదు" అని నాచేత రాయించేవారు. యజమాని ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా.

ఆయన వెల కట్టే పద్ధతి నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ముందు గొట్టాల్ని విడిగా తీసి, అడుగునుండే కొక్కేనికి దారం కట్టి వేలాడదీసి, వేలి కణుపుతో ఒక్కటి కొట్టేవారు. ఖంగుమని సాగితే రెండు గొట్టాల మధ్య టంకం గట్టిగా ఉన్నట్టు. బొంగురుగా మోగితే ఎక్కడో రిబ్ ఊడింది. తర్వాత గొట్టాన్ని కిటికీకేసి పెట్టి లోపలికి చూసేవారు. వెలుగు వలయాలు వలయాలుగా కనిపిస్తుంది. ఒక వలయం వంకర పోయిందంటే అక్కడ సొట్ట. చుక్కలుంటే తుప్పు గుంటలు. ఆ తర్వాత ముందరి చెక్క లేకుండా గొట్టాల్ని బిగించి, మధ్యలో సిగరెట్ కాగితం పెట్టి మూసి లాగేవారు. కాగితం సులువుగా జారి వచ్చేసిందంటే తుపాకి వదులైంది. పైన మీట ఎక్కడ ఆగుతుందో కూడా చూడాలి. కొత్త తుపాకి మీట మధ్యకి రాకుండా కొంచెం కుడిపక్కనే ఆగుతుంది. అరిగే కొద్దీ ఎడమకి జరుగుతుంది. ఇవన్నీ చూసేటప్పుడు రిబ్ మీద పేరు చదవనే చదవరు. పేరు ముందు చదివితే కన్ను మోసపోతుందనేవారు.

బోరు కొలత ఇంకో ముఖ్యమైన సంగతి. ఒక పౌండు సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు చేస్తే ఒక్కో గుండు పట్టే గొట్టమే పన్నెండు బోరు. వ్యాసం అంగుళంలో 0.729 వంతు. ముద్ర వేసినప్పటి కొలత పలక మీదే ఉంటుంది. పన్నెండు అని ఉండవచ్చు, కొంచెం ఇరుకైతే 13/1 అని ఉండవచ్చు. ఇప్పుడు కొలిస్తే దానికంటే బాగా ఎక్కువొచ్చిందంటే, తుప్పు గుంటలు పోవడానికి ఎవరో లోపల గీకేశారన్నమాట. గోడ పలచబడింది. బయటికి మిలమిలలాడుతున్నా సరే దాని విలువ సగానికి సగం పడిపోయినట్టే. చాంబర్ (తూటా కూర్చునే చోటు) పొడవు కూడా చూసుకోవాలి. పాత ఇంగ్లీషు తుపాకులు చాలావాటికి రెండున్నర అంగుళాలే. ఇప్పటి తూటాలు 70 మిల్లీమీటర్లవి. మూసినప్పుడు చక్కగా సరిపోయినట్టే ఉంటుంది, పేలాక తూటా మూతి దగ్గరి ముడత విచ్చుకునే చోటు చాలదు.

ఇక వెల. ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ కొత్త డీబీబీఎల్ (వెనక నుంచి తూటా పెట్టే జంట గొట్టాల తుపాకి) ధరని ఆయన కొలమానంగా పెట్టుకునేవారు. మనవాళ్ల తుపాకి మొరటుగా ఉంటుంది గానీ గొట్టం నమ్మకం. కాల్చడానికి పనికొచ్చే బెల్జియం తుపాకికి అందులో సగం. ఇంగ్లీషు బాక్స్‌లాక్ (లాకు లోపలే ఇమిడి ఉండేది), ఉక్కు గొట్టాలు, ఎన్‌పీ ముద్ర (పొగరాని కొత్త మందుతో పరీక్షించిన గుర్తు) ఉంటే దానికి సమానం నుంచి పైకి. ఎజెక్టర్ ఉంటే ఇంకో మెట్టు. ఎజెక్టర్ అంటే తుపాకి తెరవగానే పేలిన తూటా గుల్లని మాత్రమే బయటికి విసిరి, పేలని దాన్ని అలాగే ఉంచేది. రెండు ఉత్తి తూటాలు పెట్టి, ఒక ట్రిగ్గరే నొక్కి తెరిచేవారు. ఒకటి ఎగిరి నా కాళ్ల దగ్గర పడేది, రెండోది కదిలేది కాదు. రెండూ ఎగిరితే, లేదా రెండూ ఎగరకపోతే రిపేరుంది. సైడ్‌లాక్ (లాకు పక్క రేకులకి బిగించి ఉండేది) అయితే వెల ఆయనే చెప్పేవారు కాదు, మద్రాసు పంపి అడిగించేవారు. అయితే బాక్స్‌లాక్‌కే పక్కన ఉత్తుత్తి రేకులు బిగించి సైడ్‌లాక్‌లా కనిపించేట్టు చేసినవీ ఉండేవి. లోపల లాకు ఎక్కడుందో చూడకుండా రేకు చూసి డబ్బివ్వకూడదు.

బాక్స్‌లాక్ అంటే ఆన్సన్, డీలీ అనే ఇద్దరు 1875లో వెస్ట్‌లీ రిచర్డ్స్ కంపెనీలో ఉండగా పేటెంట్ తీసుకున్న పద్ధతి. అంతవరకూ ఎక్కువగా బయటికుండే హ్యామర్లు లోపలికి వెళ్లిపోయాయి, తుపాకి వంచగానే గొట్టాల బరువే వాటిని ఎక్కుపెడుతుంది. ఈ రోజుకీ ప్రపంచంలో పక్కపక్కన రెండు గొట్టాలుండే తుపాకుల్లో ఎక్కువభాగం ఆ పద్ధతివే. ఆ పాత పనితనం మీద నాకున్న గౌరవం ఇంకా ఇంకా పెరగడానికి అదొక కారణం.

కొట్టు పేరుకి అసలు విలువే లేదని ఆయన ఎప్పుడూ అనలేదు. మంచి కొట్టు చెత్త సరుకు మీద తన పేరు చెక్కనివ్వదు కదా. ఆర్మీ అండ్ నేవీ వాళ్లు 1871లో లండన్‌లో మిలిటరీ ఆఫీసర్ల సహకార సంఘంగా మొదలై, తర్వాత బొంబాయిలోనూ కలకత్తాలోనూ దుకాణాలు తెరిచారు. వాళ్ల తుపాకి వస్తే పెదనాన్న ముఖం విచ్చుకునేది. ఆడంబరం తక్కువ, పని గట్టి. ఇవాళ్టికీ వాళ్ల తుపాకుల రిజిస్టర్లు గ్లాస్గో విశ్వవిద్యాలయం ఆర్కైవ్స్‌లో భద్రంగా ఉన్నాయి. మా అన్నయ్య (పెదనాన్న కొడుకు) ఒకసారి తెలిసినవాళ్ల తుపాకి నంబరు పంపి అది అమ్మిన తేదీ తెలుసుకున్నాడు. ఆ ఉత్తరం చూడటానికి పెదనాన్న లేరు. ఉండి ఉంటే ఎంత సంబరపడేవారో.

1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక వేటకి కళ్లెం పడింది. పొలాల మీద అడవిపందుల బెడదకి తప్ప ఈ తుపాకులకి పెద్దగా పని లేకుండా పోయింది. నేను చీటీలు రాసే రోజులకి చాలామందికి అవి బరువే. 1980ల మధ్యలో ప్రైవేటు వ్యక్తులకి విదేశీ తుపాకుల దిగుమతి ఆగిపోవడంతో పరిస్థితి తలకిందులైంది. దేశంలో ఉన్న ఇంగ్లీషు తుపాకి ఏదైనా సరే, ఇంకొకటి రాదు కాబట్టి, దాని వెల ఎగబాకింది. ఢిల్లీ నుంచి, యూపీ నుంచి కొనేవాళ్లు వచ్చేవారు. ఇంగ్లండులో ఆ తుపాకికి ఎంతొస్తుందో దానికీ, ఇక్కడి ధరకీ పొంతనే లేదు. అప్పుడే రిబ్‌ల మీద కొత్తగా పేర్లు చెక్కించడం కూడా మొదలైంది. చెక్కుడు లోతు, అంచుల పదును చూసి పాతదో కొత్తదో పెదనాన్న చెప్పేసేవారు. పాత అక్షరం అంచు చేతుల్లో అరిగి మెత్తగా ఉంటుంది, కొత్తది గోరుకి తగులుతుంది. అలాంటి సరుకు కొట్లో పెట్టుకోలేదు. దానివల్ల పోయిన బేరాలు ఇంట్లో అందరికీ తెలుసు.

2019లో ఆయుధ చట్టం మారి ఒక్కొక్కరికి మూడు తుపాకులు కాస్తా రెండయ్యాయి. ఇప్పుడు అన్నయ్యకి వారసుల ఫోన్లే ఎక్కువ. తాతగారు పోయారు, అటక మీద తుపాకి ఉంది, ఏం చెయ్యాలండీ అని. హైదరాబాద్ నుంచీ, అమెరికా నుంచీ కూడా చేస్తారు. లైసెన్సుదారు పోయాక ఆ తుపాకి ఇంట్లో ఉంచుకోవడానికి వీల్లేదు. ముందు స్టేషన్లోనో డీలరు దగ్గరో డిపాజిట్ చెయ్యాలి, ఆ తర్వాతే వారసుడు దరఖాస్తు పెట్టుకోవాలి. ఏ విధంగానూ పేల్చడానికి పనికిరాని పాతకాలపు ఆయుధానికి చట్టంలో 45వ సెక్షన్ కింద మినహాయింపు ఉంది గానీ, అది అలాంటిదేనని మనకి మనం తేల్చుకోకూడదు, అధికారులే చెప్పాలి.

అన్నయ్య వాళ్లకి ఇంకో మాట కూడా చెబుతాడు, నేనూ ఇక్కడ చెబుతున్నాను. ఎమెరీ కాగితం పెట్టి గొట్టాలు తళతళా మెరిపించకండి, రంగు పోతే విలువా పోతుంది. చెక్కకి వార్నిష్ వెయ్యకండి. తోలుపెట్టె ఉంటే, పురుగు పట్టిందని పారెయ్యకండి. మూత లోపల అమ్మిన కొట్టు వాళ్ల కాగితం అంటించి ఉంటుంది. కొట్లు చిరునామాలు మారుతూ ఉండేవి కాబట్టి, ఆ కాగితం మీదున్న వీధి పేరుతో తుపాకి ఏ కాలానిదో పట్టుకోవచ్చు. మీ ఇంట్లో మద్రాసు పి. ఆర్ అండ్ సన్స్‌ది గానీ, ఓక్స్‌ది గానీ అలాంటి లేబుల్ ఉంటే ఫోటో తీసి నాకు పంపండి. మన తెలుగు జిల్లాలకి వాళ్లు అమ్మిన తుపాకుల లెక్క ఎక్కడా ఒక్కచోట లేదు, దాన్ని పోగుచెయ్యాలని నేనూ అన్నయ్యా అనుకుంటున్నాం.